వాసనొస్తోందాండీ?

ప్రతి కాలనీలోనూ ఒక పరిమళం గారుంటారు. రిటైరైన మర్నాటి నుంచి ప్రహరీగోడ వెంట మూరెడు మట్టి కనిపిస్తే చాలు, ఆయన చెయ్యి ఊరుకోదు. వేసవిలో మల్లెలు పూయించడం ఆయన లెక్కలో గొప్పేం కాదు, అది ఎండ చేసే పని. చలికాలంలో గుబాళించాలి, అదీ తోటంటే!

కార్తీకం వచ్చిందంటే ఆయన్ని పట్టలేం. కడియం నుంచి తెచ్చిన పారిజాతం గేటు పక్కన, దాని వెనక నైట్‌ క్వీన్, గోడ పొడవునా కాగడాలు, ముందు వరసలో డిసెంబరాలు. డిసెంబరాలకు వాసనుండదు కదండీ అంటే, "పాట రానివాళ్లు పెళ్లికి రాకూడదా?" అంటారు.

నైట్‌ క్వీన్‌కి పాములొస్తాయని పక్కింటావిడ హడలిపోతే, అది వంకాయ, టమాటాల కుటుంబం మొక్కేనని, ఆ వాసనకి వచ్చేవి రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులేనని అరగంట నచ్చజెప్పారు. పాముల భయం పోయి ఆవిడకు పురుగుల భయం పట్టుకుంది.

చేమంతుల గొడవ వేరే. రాత్రి నిడివి పెరిగితేగానీ చేమంతి మొగ్గ తొడగదు. ఎదురింటి వరండా బల్బేమో తెల్లవార్లూ వెలుగుతుంది.

"మీ లైటు ఆర్పితే మా చేమంతి పూస్తుందండీ."

"దొంగలొస్తేనో?"

"రానివ్వండి. వాళ్లూ చూసి మెచ్చుకుంటారు."

లైటు ఆరలేదు. ఆ సాయంత్రం నుంచి కుండీలకు గోనెపట్టాలు కప్పడం మొదలైంది.

నవంబరు ఆఖరుకి మల్లెకు నీళ్లు మాన్పించి, నేలకు 50 సెంటీమీటర్ల ఎత్తున టేపు పెట్టి మరీ కొలిచి నరికేస్తారు. ఆడవాళ్లు అయ్యో అంటారు. ఇప్పుడు కొడితేనే ఎండలకి కొత్త చిగుళ్లు, చిగురు చిగురుకీ మొగ్గలు. కాగడా మీద మాత్రం పూత అయిందాకా కత్తెర పడటానికి వీల్లేదు. మనవడు యూరియా డబ్బా తీస్తే చెయ్యి పట్టుకున్నారు: "నత్రజని ఎక్కువైతే ఒట్టి ఆకేరా. నేనేమన్నా తోటకూర పెంచుతున్నానా?"

తెల్లారకుండానే పారిజాతం కింద పాత దుప్పటి పరుస్తారు. రాలిన పువ్వైనా దేవుడికి పనికొస్తుందని పేరున్న చెట్టది. వాకింగ్‌కి వచ్చినవాళ్లు ఎంతైనా ఏరుకోవచ్చు, సుంకం ఒక్కటే: వాసన ఎలా ఉందో చెప్పాలి. "బాగుందండీ" అంటే చెల్లదు. నిన్నటికంటే ఎక్కువా, తక్కువా? గేటు దగ్గర ఎంత, మలుపు దగ్గర ఎంత? పాలబ్బాయి ఈ పరీక్ష తప్పించుకోడానికి వెనక వీధిలోంచి తిరిగొస్తాడు.

ఇంత ఆరా ఎందుకో వాళ్లావిడే చెప్పారు. కార్తీకంలో పట్టిన జలుబు సంక్రాంతి దాటితేగానీ ఆయన్ని వదలదు. మఫ్లరు, ఆవిరి, అమృతాంజనం. తను పూయించిన చలికాలపు పువ్వు వాసన ఆయనెన్నడూ చూసి ఎరగరు.

"అలాంటప్పుడు వేసవి పూలే పెంచుకోవచ్చుగా?" అన్నాను.

"నా ముక్కుకే తెలిస్తే ఇంతమందిని ఆపి పలకరించే పనేముంటుందండీ?" అన్నారాయన మఫ్లరు సర్దుకుంటూ.

లోపల్నుంచి ఆవిడ అందుకున్నారు: "చారులో ఇంగువ తక్కువైతే మాత్రం గేటు దగ్గర్నుంచే పసిగడతారు. ఆ జలుబేం జలుబో!"