ఓటుకు బొమ్మ, రోగికి ఇంగ్లీషు

సిగరెట్ తాగేవాడంటే మన సర్కారుకు ఎంత ప్రేమో! 2009లో పెట్టె మీద బొమ్మ వేయించింది. 2016 నుంచి పెట్టెకు రెండువైపులా 85 శాతం చోటు ఆ హెచ్చరికదే. అక్షరం ముక్క రానివాడికీ గుండె ఝల్లుమంటుంది. అదే మనిషికి నిజంగానే నోట్లో పుండు లేచి, ముక్క తీసి పరీక్షకు పంపితే చేతికొచ్చేది నాలుగు పేజీల ఇంగ్లీషు. రోగం రాకముందు చిత్రకళ, వచ్చాక పరభాషా పాండిత్యం!

బొమ్మ బలం ఏలినవారికి తెలియక కాదు. 1951-52 తొలి ఎన్నికల్లోనే ఓటు పెట్టెల మీద గుర్తులు అంటించారు. చదవలేనివాడి ఓటు పోతే దేశానికి నష్టం. చదవలేనివాడి ప్రాణం పోతే అది వాడి ఖర్మ.

పోనీ, ఆసుపత్రుల్లో బొమ్మలకు కరువా? గేటు ముందు చేతులు కట్టుకుని నవ్వే డాక్టరుగారి హోర్డింగు. ఆరోగ్యశ్రీ బోర్డు మీద నాయకుడి నవ్వు. లేనిదల్లా క్యాన్సర్ గడ్డ ఎక్కడుందో, ఎక్కడిదాకా పాకిందో రోగికి చూపే బొమ్మ. దానికి ఓట్లు రాలవు, బిల్లూ పెరగదు.

"ఈ మందు వాడితే తిరగబెట్టే ప్రమాదం సగానికి తగ్గుతుంది" అంటారు. ఏ సగమండీ? వందలో నలభై మందికి తిరగబెట్టేది ఇరవైకి దిగినా సగమే, నలుగురికి తిరగబెట్టేది ఇద్దరికి దిగినా సగమే. పొలం అమ్మాలా వద్దా అన్నది ఆ తేడాలోనే ఉంది. కాగితం మీద వందమంది మనుషుల బొమ్మలు వేసి, అందులో కొందరికి రంగు పూసి చూపితే గుట్టు తేలిపోతుంది. తేలిపోతే పొలం కూడా మిగిలిపోవచ్చు, అదే ప్రమాదం!

"మాకు టైమెక్కడిది?" అంటారు డాక్టర్లు. ఓపీ ముందు క్యూ చూస్తే నిజమే. మరి ఒంటి బొమ్మ అచ్చేసిన కాగితం మీద పెన్నుతో సున్నా చుట్టడానికి ఎంతసేపు? "రేపట్నుంచి కరెంటు పెడతాం" అని రేడియేషన్ సంగతి ఒక్క ముక్కలో చెప్పి పంపేస్తే, షాకు కొడుతుందేమోనని ఓ అమ్మ రాత్రంతా వణుకుతుంది. ఆ టైము ఏ రిజిస్టరులోకీ ఎక్కదు. రేడియేషన్ మిషను కింద మనిషి ఊరికే పడుకుని ఉన్న బొమ్మ ఒక్కటి చూపితే ఆమె నిద్రపోయేది.

కొన్ని కార్పొరేట్ ఆసుపత్రులు బొమ్మలూ వేయిస్తాయి లెండి. నిగనిగలాడే కాగితం, ఏడు రంగులు, ఇరవై బాణాలు, ప్రతి బాణం కొసన ఒక లాటిన్ పేరు. నాలుగు సాదా గీతలు, పక్కన రెండు తెలుగు ముక్కలు వేస్తే ఆసుపత్రి పరువు తక్కువ కాబోలు!

చివరికి సమ్మతి పత్రం వస్తుంది. "అంతా వివరించారు, నాకు అర్థమైంది" అని అందులో ఇంగ్లీషులో ఉంటుంది. అర్థంకాని భాషలో అర్థమైందని ఒప్పుకోవడానికి వేలికి సిరా పూస్తారు. ఇంత లావు ఫైలు మొత్తం మీద రోగి తరఫున పడే బొమ్మ ఆ వేలిముద్ర ఒక్కటే. అది కూడా ఆసుపత్రికి అర్థం కావడానికే!