బొమ్మలున్నదే అసలుది

చిన్నప్పుడు మా ఇంటికి చందమామ రాగానే మా తమ్ముడు చేసే మొదటి పని బొమ్మలు లెక్కపెట్టడం. వాడికి అప్పటికింకా చదవడం రాదు. ఏ పేజీలోనైనా బొమ్మ లేకపోతే 'ఇది అసలు చందమామ కాదు' అని పుస్తకం విసిరికొట్టి ఏడుపు లంకించుకునేవాడు. వాడికి రాజ్యసభలో ఇంత భవిష్యత్తు ఉందని మేమెవరమూ కనిపెట్టలేకపోయాం.

2025 ఫిబ్రవరి 11, మంగళవారం నాడు రాజ్యసభలో జరిగిన సంగతి మీరు వినే ఉంటారు. బజార్లో అమ్మే రాజ్యాంగాల్లో 22 బొమ్మలు లేవని ఒక సభ్యుడు వాపోయారు. పెద్దలు సంతకాలు పెట్టిన బొమ్మల ప్రతి ఒక్కటే అసలుదని అప్పటి ఛైర్మన్ ధన్‌ఖడ్ గారు సెలవిచ్చారు. ఇకమీదట బొమ్మలున్నవే దొరికేలా చూస్తామని సభా నాయకుడు నడ్డా గారు మాటిచ్చారు. ప్రతిపక్షం అలవాటు ప్రకారం లేచి బయటికి నడిచింది.

నేను మాత్రం అటకెక్కి నా ప్రతి దించాను. కోఠీలో ఫుట్‌పాత్ మీద పాతపుస్తకాల కుప్పలో కొన్నది. దుమ్ము దులిపి మొదటి నుంచి చివరి దాకా తిరగేశాను. ఒక్క బొమ్మ ఉంటే ఒట్టు. 21వ అధికరణం పక్కన మాత్రం నాకంటే ముందు చదివిన ఎవరో పెన్సిల్‌తో 'వెరీ ఇంపార్టెంట్' అని రాసి, రెండు గీతలు కొట్టారు. పాపం, ఆయనా నేనూ ఇన్నేళ్లూ డూప్లికేటు హక్కులతో బతికేశామన్నమాట.

రాజ్యాంగ సభలో సంతకాలు పెట్టినవాళ్ల సంగతి తలచుకుంటే ఇంకా జాలి. 1950 జనవరి 24న 284 మంది పెట్టారు. అంతకుముందు మూడేళ్లకు కాస్త తక్కువగా కూర్చుని, 7,635 సవరణలకు నోటీసులిచ్చి, వాటిలో 2,473 సభ ముందు పెట్టి కొట్టుకున్నారు. అన్నీ మాటల మీదే! అవతల శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ గారూ శిష్యులూ కుంచెలతో గీస్తున్నదే అసలు శాసనమని ఒక్కరికైనా తట్టలేదు. ఆ సభలో ఉన్న మా దుర్గాబాయమ్మ అన్నన్ని సవరణలతో గొంతు చించుకునే బదులు ఒక రంగుల డబ్బా పట్టుకెళ్లాల్సింది. హస్రత్ మోహానీ గారు అసలు సంతకమే పెట్టలేదు. బొమ్మలు నచ్చలేదేమో. హైదరాబాద్ సంస్థానం తరఫున అయితే సభలో ఒక్క సభ్యుడూ లేడు. నిజాం గారు 1949 నవంబర్ 23న ఫర్మానా ఇచ్చి రాజ్యాంగాన్ని ఒప్పేసుకున్నారు. అప్పుడు ఆయనకు బొమ్మలు చూపించారా? చూపించకపోతే మేం ఏ దేశంలో ఉన్నట్టు?

సరే, బొమ్మే చట్టమన్నాక పద్ధతిగా అమలు చేయాలి. లాసెట్‌లో డ్రాయింగ్ పేపరు పెట్టాలి. రేపటి కోర్టు నాకిప్పుడే వినబడుతోంది.

'నా క్లయింటును విడుదల చేయాలి, యువరానర్.'

'ఏ బొమ్మ కింద?'

'మూడో భాగం అండీ, ప్రాథమిక హక్కులు. లంకను గెలిచి సీతమ్మను తీసుకొస్తున్న రాములవారు.'

'మీ క్లయింటును కూడా ఎవరైనా ఎత్తుకెళ్లారా?'

'ఎత్తుకెళ్లారండీ. తెల్లవారుజామున, మఫ్టీలో వచ్చి.'

'వెతకడానికి వానరులున్నారా?'

'హెబియస్ కార్పస్ ఉందండీ.'

'దానికి బొమ్మ ఉందా?'

'లేదండీ.'

'కొట్టేశాను. నెక్స్ట్!'

ఏలినవారికి ఇందులో ఒక చిక్కు ఉంది. పద్నాలుగో భాగంలో అక్బర్ ఉన్నాడు. పదహారో భాగంలో ఝాన్సీ లక్ష్మీబాయితో పాటు టిప్పు సుల్తాన్ ఉన్నాడు. బడి పుస్తకాల్లోంచి ఇలాంటివాళ్లను బయటికి సాగనంపడానికి ఎంత కష్టపడ్డారు! ఇప్పుడు ప్రభుత్వ ఖర్చుతో అచ్చేయించి, ఇంటింటికీ వాళ్లే పంచిపెట్టాలి. అసలు ప్రతి అంటే ఆషామాషీనా మరి.

ఇదంతా రాసి నవ్వుకుంటూ ఉండగానే గురువారం వచ్చింది. మణిపూర్‌లో రాష్ట్రపతి పాలన పెట్టారు. 356వ అధికరణం, పద్దెనిమిదో భాగం. ఆ భాగానికి ఏం బొమ్మ వేశారో చూద్దామని వెతికాను.

నవఖాలీలో గాంధీ.

మతం పేరుతో ఊళ్లు తగలబడ్డ చోటికి డెబ్బై ఏడేళ్ల ముసలాయన వెళ్లాడు. చెప్పులు కూడా వదిలేసి ఊరి నుంచి ఊరికి నడిచాడు. 'అత్యవసర పరిస్థితి' అన్న భాగానికి తగ్గ బొమ్మ ఇదేనని ఆ చిత్రకారులు అనుకున్నారు. మీరు మంగళవారం దండం పెట్టిన 22లో ఇదీ ఒకటి. మణిపూర్ 2023 మే 3న అంటుకుంది. రెండు వందల యాభై మందికి పైగా చచ్చిపోయారు. అరవై వేల మంది కొంపాగోడూ వదిలి పరుగెత్తారు. ఇద్దరు ఆడవాళ్లను బట్టలూడదీసి ఊరేగించిన వీడియో బయటికొచ్చేదాకా ప్రధాని గారికి నోరే పెగల్లేదు. ముఖ్యమంత్రి ఆ ముందటి ఆదివారం దాకా కుర్చీ దిగలేదు. ప్రధాని గారు ఆ ఇరవై ఒక్క నెలల్లో ఎన్ని దేశాలు తిరిగారు! మణిపూర్‌లో మాత్రం అప్పటిదాకా ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. బొమ్మ కావాలన్నారుగా, చూడండి ఇప్పుడు. మాటలు చదవలేకపోతే పోనీ, ఆ బొమ్మైనా చూడండయ్యా! ఆ మనిషి ఎక్కడికెళ్లాడో చూడండి! చెప్పులు కూడా విప్పనక్కర్లేదు. ఢిల్లీ నుంచి ఇంఫాల్‌కు విమానంలో మూడు గంటలు పట్టదు.