పులుసు మానండి, ప్యాకేజీ కొనండి

నెల్లూరు ఆడవాళ్లకి ఇన్నాళ్లూ కనపడని శత్రువు ఒకటి దొరికింది. దాని పేరు హిస్టమిన్. ఒళ్లు దురదపెడితే అదే, తల పగిలిపోతుంటే అదే, నెలసరికి ముందు అత్తగారి మాట గిట్టకపోయినా అదే. కనిపెట్టినవారు హార్మోన్ కోచ్‌గారు. డాక్టరు కారు, నర్సు కారు, రీల్స్ చేస్తారు. మీ ఒంట్లో ఈస్ట్రోజన్ పెరిగి హిస్టమిన్‌ని రెచ్చగొడుతోంది, హిస్టమిన్ పోయి ఈస్ట్రోజన్‌ని ఎగదోస్తోంది, ఆ రెంటి మధ్యా మీరు నలిగిపోతున్నారు, మూడు నెలల ప్యాకేజీ కట్టండి, రెంటికీ రాజీ కుదురుస్తాను అంటారు.

రాజీ షరతులు చదివితే ఆకలి చచ్చిపోతుంది. పులిసినవి వద్దు. నిల్వ ఉన్నవి వద్దు. టమాటా, వంకాయ, పాలకూర వద్దు. చేప వద్దు, రొయ్య అసలే వద్దు. పాత చీజూ రెడ్ వైనూ పుచ్చుకునే దేశాల వాళ్ల కోసం రాసుకున్న పట్టికని యథాతథంగా దించి మైపాడు రోడ్డు మీద వదిలారు. చీజూ వైనూ మన ఇళ్లలో ఎటూ లేవు కాబట్టి వాటి శిక్ష కూడా ఇడ్లీయే అనుభవించాలి. కారం దోశ, పెరుగు, ఆవకాయ, ఎండుచేపలు, మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు అన్నీ తీసేస్తే నెల్లూరు మనిషికి మిగిలేది మొలకొలుకుల అన్నమూ, గ్లాసుడు మంచినీళ్లూ.

ఇంత కట్టడిలోనూ ఆశ కల్పించడానికి ఒక మాత్ర ఉంది. తిండిలోని హిస్టమిన్‌ని పేగుల్లో విరగ్గొట్టే డీఏఓ అనే ఎంజైము మీకు తక్కువైంది, కాబట్టి బయటి నుంచి మింగండి అంటారు. బజారులో దొరికే ఆ మాత్రల్లో చాలావాటికి ముడిసరుకు పంది మూత్రపిండం. శనివారం గుడ్డు కూడా ముట్టని ఇల్లాలు, కార్తీకమాసమంతా ఉల్లిపాయ మానేసిన ఇల్లాలు, పూటకొకటి చొప్పున పంది కిడ్నీ సారాన్ని భక్తిగా మింగుతోంది. సీసా మీద మాత్రం పచ్చటి ఆకు బొమ్మ. 2021 మేలో ఇదే తీరంలో, కృష్ణపట్నంలో, కరోనా మందు కోసం జనం విరగబడ్డారు. దాని గుణం మాట ఎలా ఉన్నా, అది ఉచితంగా ఇచ్చారు.

కోచ్‌గారిది పచ్చి అబద్ధమైతే ఈ వ్యాసం రాయక్కర్లేదు. చిటికెడు నిజం ఉంది కాబట్టే వ్యాపారం సాగుతోంది. హిస్టమిన్‌కీ ఆడవాళ్ల ఒంటికీ చుట్టరికం పాతదే. మంత్రసానులు కాన్పుకి వాడిన ఎర్గాట్ అనే బూజు మీద పనిచేస్తూ, 1910లో హెన్రీ డేల్, లెయిడ్లా అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు దీని గుణాలు రాశారు. అది గర్భాశయపు కండరాన్ని బిగబడుతుందని వాళ్లు అప్పుడే చూశారు. కోచ్‌గారు నిన్న రాత్రి బయటపెట్టిన రహస్యానికి నూరేళ్లు దాటిందన్నమాట. హిస్టమిన్‌ని దాచిపెట్టుకునే మాస్ట్ కణాల మీద ఈస్ట్రోజన్‌ని పట్టుకునే గ్రాహకాలున్నాయి. ప్రయోగశాలలో ఈస్ట్రోజన్ తగిలితే ఆ కణాలు హిస్టమిన్‌ని తేలిగ్గా వదులుతాయి, ప్రొజెస్టరాన్ కొంత అణచిపెడుతుంది. నెలసరి దగ్గరపడితే ఉబ్బసం ఎక్కువయ్యే ఆడవాళ్లున్నారు. నెలల తరబడి తగ్గని దద్దుర్లు మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఎక్కువ. చర్మం మీద హిస్టమిన్ చుక్క వేసి గుచ్చితే, నెలసరికీ నెలసరికీ నడిమధ్య రోజుల్లో దద్దురు కాస్త పెద్దదిగా లేస్తుందని 1995లో ఒక పరిశోధన వచ్చింది. గర్భిణికైతే మాయ నుంచే డీఏఓ వందల రెట్లు తయారవుతుంది.

ఇదీ అసలు సరుకు. "కాస్త పెద్దది", "కొంత" అని శాస్త్రం నసిగిన చోటల్లా కోచ్‌గారు "మొత్తం", "మూలకారణం" అని దిద్దుకున్నారు. ఈస్ట్రోజన్ ఆధిక్యం అనే రోగాన్ని వైద్యశాస్త్రం నిర్ధారణగా ఒప్పుకోలేదు. హిస్టమిన్ పడకపోవడాన్ని ఖాయంగా తేల్చే రక్తపరీక్ష ఇంకా రాలేదు. రక్తంలో డీఏఓ కొలిచినా ఏమీ తేలదు. వందరకాల తిండికి ఐజీజీ అనే యాంటీబాడీ చూసి ఎర్రరంగు చార్టు చేతిలో పెట్టే పరీక్షని రోగ నిర్ధారణకి వాడొద్దని అలెర్జీ వైద్య సంఘాలు ఎప్పుడో చెప్పాయి. ఐజీజీ ఉందంటే ఆ తిండి మీరు తిన్నారని అర్థం. ఇడ్లీ తిన్నారో లేదో చెప్పడానికి ల్యాబు దేనికి, మీ అమ్మనడిగితే చెప్పదూ?

ఇంత హడావిడిలో తమాషా ఏమిటంటే, నిజంగా హిస్టమిన్ వల్ల కష్టపడే ఆడవాళ్లు ఈ తీరంలోనే ఉన్నారు. వాళ్ల కోసం ఏ ప్యాకేజీలోనూ చోటు లేదు.

కానగంతలు, కవళ్లు, సూర. ఈ చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. పట్టిన చేప ఐసు లేకుండా పడవలో ఎండకి పడుంటే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. ఒకసారి తయారైతే ఇక ఉడికించినా పోదు, గడ్డకట్టించినా పోదు, ఎండబెట్టినా పోదు. ఎంత చింతపండు పోసి ఎంతసేపు మరిగించండి, పులుసులో అది పదిలంగా ఉంటుంది. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, తల దిమ్మెక్కి, గుండె దడదడలాడి, ఒంటి నిండా దద్దుర్లు లేస్తాయి. ఇది ఒంటి దోషం కాదు, ఆ చేప దోషం. కానీ ఆరోజు తిన్నామె బయట ఉందా, "ముట్టు నాడు నీసు తింటే అంతేమ్మే" అని తీర్పు వచ్చేస్తుంది. లేకపోతే "నీకు చేప పడదు" అని జీవితశిక్ష వేస్తారు. ఆ రెండు తీర్పుల్నీ ఇప్పుడు కోచ్‌గారు హిస్టమిన్ అసహనమని పేరు మార్చి అమ్ముతున్నారు. ఐసు గురించి మాత్రం ఒక్క రీలూ రాలేదు. ఐసుకి కమిషన్ రాదు కదా.

చేపలో హిస్టమిన్ కిలోకి 200 మిల్లీగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం. మన దేశపు నిబంధనల్లోనూ హద్దు ఉంది. ఐరోపాకి ఎగుమతయ్యే సరుకు ఆ పరీక్ష దాటాలి. మన వీధిలోకి తట్టలో వచ్చే కానగంతకి పరీక్షాధికారి మన ముక్కే.

రొయ్యల ప్రాసెసింగ్ షెడ్లలోనూ చూడండి. వలిచే చేతులు దాదాపు అన్నీ ఆడవాళ్లవే. పొద్దస్తమానం ఐసునీళ్లలో చేతులు, చుట్టూ రొయ్య తుంపర. రొయ్యలోని ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తికి అలెర్జీ తెచ్చుకుని, దద్దుర్లతో మొదలై ఉబ్బసం దాకా పోవడం వైద్యానికి కొత్త కాదు. రొయ్య నల్లబడకుండా వేసే మెటాబైసల్ఫైటు కూడా కొందరికి ఊపిరి పట్టేస్తుంది. అలాంటి మనిషి ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు దగ్గరికి వెళితే ఏం జరుగుతుందో తీరమంతటికీ తెలుసు. అవిల్ ఒకటి, డెక్సా ఒకటి కలిపి సూది. మొదటిది హిస్టమిన్‌కి అడ్డం పడేది, రెండోది సాక్షాత్తూ హార్మోను జాతి స్టెరాయిడు. హిస్టమిన్‌కీ హార్మోనుకీ ఉన్న బంధాన్ని మన ఆర్ఎంపీలు ఒకే సిరంజిలో ఎప్పుడో నిరూపించారు. దద్దురు గంటలో మాయం, మనిషి మధ్యాహ్నమంతా నిద్ర. మళ్లీ వారం మళ్లీ సూది. అలా పదేపదే పొడిపించుకుంటే నెలసరి తప్పుతుంది, షుగరు పెరుగుతుంది. అప్పుడు పట్నంలో పెద్ద డాక్టరు తల కూడా ఎత్తకుండా "హార్మోన్లమ్మా" అంటాడు. ఆ మాట నిజమే, సూదిలో ఎక్కించినవేగా!

కోచ్‌గారు ఆహారం తగ్గించమంటున్న ఈ రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58.8 మంది రక్తహీనులని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019–21, లెక్క తేల్చింది. నీరసం, తలనొప్పి, దడ, చికాకు: ప్యాకేజీ ప్రకటనలో ఉన్న ఈ లక్షణాలన్నీ రక్తం తక్కువైనా వస్తాయి, కొన్ని థైరాయిడ్‌కీ వస్తాయి. రెంటికీ పరీక్ష ఉంది, మందుంది, ధర కూడా రీలుకి పనికొచ్చేంత లేదు. రక్తం లేనిదాని కంచంలోంచి చేప తీసేయడాన్ని వైద్యమనడానికి నాకైతే నోరు రావడం లేదు.

అమ్మా, దద్దురు ఏ తేదీన లేచిందో, నెలసరి ఎప్పుడొచ్చిందో, ఆ పూట ఏం తిన్నారో, ఏ పనిలో ఉన్నారో మూడు నెలలు గోడ క్యాలెండరు మీద రాయండి. హెచ్‌బీ, థైరాయిడ్ చూపించుకోండి. ఆ క్యాలెండరు చంకన పెట్టుకుని పొగతోటలో డాక్టరు దగ్గరికి వెళ్లండి. డాక్టరు గారు మళ్లీ "హార్మోన్లమ్మా" అంటే, ఏ హార్మోనో చీటీ మీద రాసిమ్మనండి.