ఇంటి కంప్యూటర్‌కు ఆఫీసు బుద్ధులు వద్దు

ఇంటికి కొత్త కంప్యూటర్ రాగానే అందరూ ఇచ్చే సలహా ఒకటే. ‘రాతలకు, లెక్కలకు ఆఫీసులో ఏ ప్రోగ్రామ్ వాడుతున్నావో ఇంట్లోనూ అదే వేసుకో, చెయ్యి తిరిగి ఉంటుంది’ అంటారు. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. ఆఫీసులో వాడేదాన్ని ఇంట్లో వేయకండి. అది ఎంత మంచిదైనా, మీకెంత అలవాటైనా, కంపెనీ ఉచితంగా ఇస్తానన్నా వేయకండి.

ఆఫీసులో పుట్టే కాగితాలు వేరు, ఇంట్లో పుట్టేవి వేరు. పెళ్లి చదివింపుల జాబితా, చీటీ లెక్క, పాల లెక్క, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ పద్దు, తహసీల్దారుకు అర్జీ, దశదినకర్మ కార్డు, తాతగారు చెప్పగా రాసుకునే వంశవృక్షం ఇంటి కాగితాలు. వీటిలో చాలావరకు తెలుగులో ఉండాల్సినవే. కానీ పగలంతా వాడిన ప్రోగ్రామే రాత్రి ఇంట్లోనూ తెరుచుకుంటే వేళ్లు వాటంతట అవే ఇంగ్లీషులో మొదలుపెడతాయి. చదివింపుల జాబితా కాస్తా ‘గిఫ్ట్స్ లిస్ట్’ అవుతుంది. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోకి పోతాయి. తరవాతి తరంలో ఎవరో తిరిగి చదివించాల్సి వచ్చి ఆ ఫైలు తెరిస్తే వాళ్లు కోట వారో కోటా వారో, పల్లె వారో పాలె వారో తేలదు. ప్రోగ్రామ్ మారితే ఆ అలవాటు తెగుతుంది. నేను మార్చమనేది అందుకే.

ఆఫీసు నుంచి వచ్చిన ఫైలు ఇంట్లో సరిగ్గా తెరుచుకోదేమోనని భయపడతారు. తెరుచుకుంటుంది. పట్టికలు కాస్త జరగవచ్చు, ఫాంటు మారవచ్చు, పేజీ విరుపు ఇంకోచోట పడవచ్చు. పడనివ్వండి. ఆఫీసు పని ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే చేయాలన్న కట్టుబాటు ఇంట్లో దానివల్లే నిలుస్తుంది. ఆదివారం మధ్యాహ్నం పిల్లల ముందు కూర్చుని మేనేజరు పట్టికలు సరిచేసే వీలు లేకుండా పోవడాన్ని నేను నష్టంగా లెక్కపెట్టను.

మరి ఏది ఎంచుకోవాలి? ధర చూడకండి, స్టార్ రేటింగులు చూడకండి. ఎక్సెల్‌లో ఒక్కో షీటుకు 10,48,576 వరసలున్నాయట, పాలవాడి లెక్కకు నెలకు ముప్ఫై ఒకటి చాలు. సదుపాయాల జాబితా పక్కన పెట్టి, అరపేజీ తెలుగు టైపు చేసి చూడండి. నా పరీక్ష అంతే.

ఆ అరపేజీలో స్త్రీ, రాష్ట్రం, వైశిష్ట్యం, దారిద్ర్యం, జ్ఞానం ఉండాలి. జ్ఞ తప్పకుండా ఉండాలి. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అక్షరం కూర్పు ఒకటి సందేశంగా వచ్చి ఐఫోన్లలో యాప్‌లను కూలదోసింది. ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిచేయాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీ చేతిలోనే మన ఒత్తు ఇరుక్కుపోయినప్పుడు, ఊరూపేరూ లేని ఉచిత ప్రోగ్రామ్‌ను పరీక్షించకుండా నమ్మడం సరికాదు.

తరవాత అవే మాటల్ని స్ప్రెడ్‌షీట్ గడిలో టైపు చేయండి. వరస ఎత్తును ఇంగ్లీషు అక్షరాలకు సరిపడా బిగించి ఉంచితే రాష్ట్రంలో ట కింది రవత్తు తెగిపోతుంది, స్త్రీలో సగం కనబడదు. లెటర్‌లో కూడా లైన్ల మధ్య దూరాన్ని కచ్చితమైన కొలతకు బిగిస్తే ఇదే జరుగుతుంది. ఒత్తులు దిగే లిపికి వరస కింద చోటు కావాలి. ఆ చోటు తనంతట తాను ఇచ్చే ప్రోగ్రామ్ మంచిది. ఇవ్వనిదాన్ని మొదటి రోజే తీసేయండి, సెట్టింగులు మార్చి బుజ్జగించకండి.

ఇంకో పరీక్ష చాలామంది చేయరు. ఒక నిలువు వరసలో కవిత, కళావతి అని రాసి, అక్షర క్రమంలో పేర్చమనండి. మన వర్ణమాలలో ళ వచ్చేది హ తరవాత. కాబట్టి కవిత ముందుండాలి. యూనికోడ్ పట్టికలో మాత్రం ళ స్థానం ల పక్కనే, వ కంటే ముందు. కోడ్ నంబర్ల వరసనే నమ్ముకున్న ప్రోగ్రామ్ కళావతిని ముందు కూర్చోబెడుతుంది. వర్ణమాల తెలిసింది కవితను ముందు పెడుతుంది. నాలుగువందల పేర్ల చదివింపుల జాబితాలో ఇంటిపేరు వెతికేవాళ్లకు ఈ తేడా తెలిసొస్తుంది. అలాగే లక్ష రూపాయల్ని 100,000 అని చూపిస్తే ఒప్పుకోకండి, 1,00,000 అని పడాలి. లిబ్రెఆఫీస్‌లో అంకెల ఫార్మాట్‌ను #,##,##0 అని రాస్తే కామాలు మన పద్ధతిలో పడతాయి. ఎక్సెల్ అయితే విండోస్‌లో ప్రాంతాన్ని భారత్‌గా పెట్టుకోవాలి.

లిబ్రెఆఫీస్ పేరు ఎలాగూ వచ్చింది కాబట్టి చెబుతున్నాను, నా ఓటు దానికే. జర్మనీలో స్టార్ డివిజన్ అనే కంపెనీ చేసిన స్టార్‌ఆఫీస్‌ను 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొని, మరుసటి ఏడాది దాని సోర్సు కోడ్‌ను అందరికీ విప్పి ఓపెన్‌ఆఫీస్‌గా ఇచ్చింది. సన్ కంపెనీ ఒరాకిల్ చేతికి వెళ్లాక, 2010 సెప్టెంబర్‌లో కొందరు విడిపోయి డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టారు. లిబ్రెఆఫీస్ అలా వచ్చింది. అది ఫైళ్లను భద్రపరిచే ఓడీఎఫ్ పద్ధతి 2006లోనే అంతర్జాతీయ ప్రమాణమైంది. మైక్రోసాఫ్ట్ ఓఓఎక్స్‌ఎంఎల్‌కు ఆ హోదా 2008లో వచ్చింది, దానికి మన దేశం వ్యతిరేకంగా ఓటు వేసింది. ఇంటి కాగితం మన తరవాత కూడా తెరుచుకోవాలంటే ఒక కంపెనీ దయ మీద ఆధారపడని పద్ధతిలో దాచుకోవాలి. బయటివాళ్లకు పంపేటప్పుడు పీడీఎఫ్ పంపండి. ‘డాక్ ఫైలే కావాలి’ అని పట్టుబట్టే బంధువులకు కూడా పీడీఎఫే పంపండి.

లిబ్రెఆఫీస్ మెనూలు తెలుగులోకి మార్చుకోవచ్చు. మార్చుకోండి. కొన్ని మాటలు గ్రాంథికంగా ఉండి మొదట్లో కొరుకుడు పడవు, పిల్లలు గొణుగుతారు. అయినా మళ్లీ ఇంగ్లీషుకు తిప్పకండి. వాడకపోతే ఆ మాటలు ఎన్నటికీ నలగవు.

తెలుగు అక్షరదోషాల తనిఖీని మాత్రం ఆపేయండి. ఇది చాలామందికి తప్పుడు సలహాగా కనిపిస్తుంది, కానీ ఆలోచించే చెబుతున్నాను. ‘వచ్చేశాడేమోనని’ అని రాస్తే ఆ నిఘంటువుకు అంత పొడుగు మాట దొరకదు, కింద ఎర్రగీత గీస్తుంది. మన భాషలో మాటకు మాట అతుక్కునే తీరే అంత. నలుగురు మాట్లాడుకునే తెలుగు రాసినవాళ్లకు పేజీ అంతా ఎరుపెక్కితే, తమకే తెలుగు రాదనుకుని ఇంగ్లీషులోకి పారిపోతారు. ఉన్న తప్పులు ఉండనివ్వండి, ఇంట్లో ఇంకొకరు చదివి దిద్దుతారు.

అమెరికాలో ఉన్న అబ్బాయి ‘నాన్నా, నా ఫ్యామిలీ సబ్‌స్క్రిప్షన్‌లో ఆరుగురికి చోటుంది, నిన్ను చేరుస్తాను’ అంటాడు. ప్రేమతోనే అంటాడు. వద్దని చెప్పండి. మైక్రోసాఫ్ట్ 365 చందా ఏ కారణంతోనైనా ఆగిపోతే, రాసుకున్నది చూడగలరు, ప్రింటు తీసుకోగలరు, మార్చలేరు. డెబ్బై ఏళ్ల మనిషి తన జ్ఞాపకాల్లో ఒక పేరు సరిదిద్దుకోవడానికి డాలస్‌లో ఉన్న క్రెడిట్ కార్డు గడువు అడ్డు రాకూడదు. గూగుల్ డాక్స్‌లో నోటితో చెప్పి తెలుగు రాయించుకోవచ్చు, ఆ సౌకర్యం నిజంగా గొప్పది, చెప్పి రాయించుకోండి. అక్కడే వదిలేయకండి. రెండేళ్లపాటు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాను, అందులో ఉన్నవాటితో సహా తొలగించే హక్కు తనకుందని 2023లోనే గూగుల్ ప్రకటించింది. నాన్నగారు పోయిన దుఃఖంలో ఆయన పాస్‌వర్డు వెతకడం ఎవరికీ గుర్తుండదు. ముఖ్యమైనవన్నీ ప్రింటు తీసి, ఇంటి దస్తావేజులు పెట్టే బీరువాలోనే పెట్టండి.

కంప్యూటర్ అమ్మిన షాపులో ‘ఆఫీస్ కూడా వేసి ఇస్తాం సార్’ అంటారు. లైసెన్సు లేనిదైతే వద్దు. దాని మీద ఇంకో మాట అనవసరం.

శుభలేఖ కొట్టించిన డీటీపీ షాపు నుంచి ఫైలు తెచ్చుకుంటే అది మీ ఇంట్లో పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా తెరుచుకోవచ్చు. పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాల్ని పెట్టుకుని నడిచాయి. ఆ ఫాంటు లేని చోట తెలుగు ఉండదు. కాబట్టి మీ ఇంట్లో రాసేదంతా యూనికోడ్‌లోనే రాయండి. అందానికి మండలి, సూరన్న, రామభద్ర, గిడుగు లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

చివరిగా, ఈ ఎంపిక ఎవరు చేయాలన్నది. ఇంట్లో కంప్యూటర్ బాగా తెలిసిన కుర్రవాడు చేయాలని అందరూ అంటారు, నేను ఒప్పుకోను. ఇంట్లో అందరికంటే నెమ్మదిగా టైపు చేసేవాళ్లు చేయాలి. అత్తగారో, పెద్దనాన్నో, తెలుగులో ఏదో రాయాలని ఏళ్లుగా అనుకుంటూ వాయిదా వేసినవాళ్లు. విండోస్ 10లో 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెలుగు పడుతుంది. ఇంగ్లీషు కీబోర్డు అసలు తెలియనివాళ్లకు ఇన్‌స్క్రిప్ట్ మేలు: అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. రెండూ చూపించండి. రెండు మూడు ప్రోగ్రాములు తెరిచి ఇచ్చి, ఒక ఉత్తరం రాయమని పక్కకు తప్పుకోండి. వాళ్లు దేనిలో ఉత్తరం పూర్తి చేస్తే అదే మీ ఇంటి ఆఫీస్ సాఫ్ట్‌వేర్. మిగతావాళ్లు దానికి అలవాటు పడండి.