డీటీపీ డబ్బా ఆత్మకథ

నేను పుట్టింది పార్క్‌లేన్‌లో, సీటీసీలో. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని పూర్తి పేరు చెబితే సికింద్రాబాద్‌లో కొందరు తడుముకుంటారు గానీ సీటీసీ అంటే చాలు. ఒక షాపులో మదర్‌బోర్డు, పక్క షాపులో ర్యామ్, ఇంకెక్కడో బేరమాడి కొన్న మానిటర్. అన్నీ కలిపి బిగించి, ఆటోలో వేసుకుని మోండా మార్కెట్ దగ్గర ఒక సందులోకి తెచ్చారు. బయట బోర్డు: డీటీపీ, జిరాక్స్, పాంప్లెట్లు, శుభలేఖలు. ఆ తర్వాత నా లోపల మార్చని భాగం లేదు. ఎక్స్‌పీ పోయి విండోస్ 10 వచ్చింది, హార్డ్‌డిస్క్ పోయి ఎస్‌ఎస్‌డీ వచ్చింది. మొదటిరోజు నుంచీ ఉన్నది ఈ రేకు డబ్బా ఒక్కటే. అయినా నేను నేనే అని నా నమ్మకం, ఎందుకంటే డి డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ పదిలంగా ఉన్నాయి.

ఆ ఫోల్డర్లే నా అసలు చదువు. ఆషాఢం, దసరా, స్కూల్ అడ్మిషన్లు, బోరు మోటార్లు, పచ్చళ్లు. జనరల్ బజార్ నుంచి చీరల షాపాయన వచ్చి "ఆషాఢం ఆఫరుంది, జర మంచిగ రాయి" అంటే మా ఆపరేటర్ కిందటేడు ఫైలు తెరిచేవాడు. షాపు పేరు మార్చేవాడు, ఫోన్ నంబరు మార్చేవాడు. 'జంటనగరాల చరిత్రలో మొట్టమొదటిసారి' అన్న లైను జోలికి మాత్రం పోయేవాడు కాదు. ఆ మొట్టమొదటిసారి ఏటా వచ్చేది. అందుకే ఏఐ వచ్చి ప్రకటనలన్నీ ఒకే మూసలో పోస్తోందని ఎవరైనా వాపోతే నాకు నవ్వొస్తుంది. మూస మా దగ్గరా ఉండేది. కాకపోతే మాది ఈ బజారు వరకే. ఒక్కటి చెప్పాలి, రాసినందుకు మేమెన్నడూ పైసా తీసుకోలేదు. డిజైన్‌కింత, మ్యాప్లితో కాగితానికింత, వెయ్యి కాపీల ప్రింటుకింత, అంతే లెక్క.

చాట్‌జీపీటీ 2022 నవంబర్ 30న బయటికొచ్చింది. మా సందులోకి ఓనరు కొడుకు ఫోనులో వచ్చింది. అప్పట్లో దాని తెలుగు నత్తనడక నడిచేది. కారణం నాకు తెలుసు. అది భాషను టోకెన్లనే ముక్కలుగా కోసి చదువుతుంది, మన లిపిని మరీ సన్నగా తరిగేది. 2024 మేలో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ వాళ్లే ఒక నమూనా చూపించారు: రెండు వాక్యాల పలకరింపుకు తెలుగులో అంతకుముందు 159 టోకెన్లు పట్టేవట, కొత్తదానిలో 45. అదే మాట ఇంగ్లీషులో 24. ఇప్పటికీ మనకు దాదాపు రెట్టింపే అన్నమాట. అయినా పనికొచ్చే స్థాయికి దిగింది.

రాయడం ఒక ఎత్తు, దాన్ని నాలోకి ఎక్కించడం ఇంకో ఎత్తు. మా ఆపరేటర్ చేతులు అను ఫాంట్లకూ పేజ్‌మేకర్‌కూ అలవాటుపడ్డవి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల సీట్లలో కూర్చుంటాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే సొంత సీటుంది. ఏఐ రాసేది యూనికోడ్‌లో. దాన్ని తెచ్చి పేజ్‌మేకర్‌లో పేస్టు చేస్తే వరసగా ప్రశ్నార్థకాలు. కన్వర్టర్‌లో వేసి మార్చాలి, మార్చాక విడిపోయిన ఒత్తులన్నీ చేత్తో సరిచేయాలి. ఇక పోస్టరు బొమ్మే గీయించుకుందామని చూస్తే, సీసా మీద 'పచ్చడి' అన్న మాట జిలేబీ చుట్టల్లా వచ్చింది.

పచ్చడి అంటే గుర్తొచ్చింది. 2025 మామిడికాయల సీజన్‌లో ఒక అక్క వచ్చింది. ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. పాంప్లెట్ కావాలి, వాట్సాప్ స్టేటస్‌కూ అదే కావాలి. మా ఆపరేటర్ 'మామిడికాయ పచ్చళ్ల వ్యాపారానికి పాంప్లెట్ రాయి' అని ఏఐకి ఒక్క ముక్క కొట్టాడు. నా తెర నిండిపోయింది. 'ఘాటైన గుంటూరు కారంతో, మూడు తరాల సంప్రదాయంతో, అమ్మమ్మ చేతి రుచితో, 100 శాతం స్వచ్ఛమైన...' అతను పైకి చదువుతుంటే అక్క మధ్యలోనే ఆపింది.

"గుంటూరు కారమా? నేనెన్నడన్న గుంటూరు మొఖం జూసిన్నా తమ్మీ? మా అమ్మమ్మకు తొక్కు పెట్టుడే రాకుండె. నేను మా అత్త దగ్గర నేర్చుకున్న."

దాని తప్పు కాదు. చదివినదాంట్లో పచ్చడి పక్కన గుంటూరే ఎక్కువసార్లు కనిపించి ఉంటుంది, అదే రాసింది. ఆ '100 శాతం' మాత్రం తీయాల్సిందే. ఆహార పదార్థాల లేబుళ్ల మీద, ప్రచారంలో ఆ మాట వాడొద్దని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ మే నెలలోనే వ్యాపారులకు సూచించింది. అక్కకు ఆ సంగతి తెలియదు. "ఉప్పు గుడ నూటికి నూరేనా? తీసెయ్" అంది, అంతే.

అప్పుడు మా ఆపరేటర్ కుర్చీ ఇటు తిప్పి, నేను ఎన్నాళ్లుగానో చూడని పని చేశాడు. అడిగాడు.

"మరి కారం ఏడికెళ్లి తెస్తరక్కా?"

"మాది వరంగల్ దిక్కు. చపాటా మిర్చి, ఎనుమాముల మార్కెట్ల కొంటం. ఎర్రగుంటది గని మంటుండది. పిల్లలు గుడ తింటరు."

ఇంత సరుకు ఇంట్లో పెట్టుకుని మాకు చెప్పలేదు. వరంగల్ చపాటాకు ఆ ఏడాదే జీఐ ట్యాగ్ వచ్చింది. టమాటాలా గుండ్రటి కాయ, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. ఆమె సరుకుకు మేం వేయబోయినది 'ఘాటైన' అన్న మాట! నూనె అడిగితే పల్లినూనె అంది. అల్లమెల్లిగడ్డ ఇంట్లో నూరుతుందట. కాయ మోండాలోనే పొద్దున కొట్టిస్తుందట, సాయంత్రానికల్లా జాడీలో పడుతుందట. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు కూడా పర్సులోంచి తీసింది.

అన్నీ వరసగా కొట్టి, కింద ఇంకో లైను చేర్చాడు: చెప్పనిది ఏదీ కలపొద్దు, ఆరు లైన్లు దాటొద్దు. ఈసారి వచ్చినదాంట్లో మూడు లైన్లు చప్పగానే ఉన్నాయి, 'ఈరోజే ఆర్డర్ చేయండి' లాంటివి. ఒక్కటి మాత్రం 'పొద్దున మోండాలో కాయ, సాయంత్రం జాడీలో పచ్చడి' అని వచ్చింది. ఇన్నేళ్లలో నా పచ్చళ్ల ఫోల్డర్‌లో అంత శుభ్రమైన లైను లేదు, ఒప్పుకోవాలి. 'మంట తక్కువ, ఎరుపు ఎక్కువ' అన్నది అక్క మాటలోంచి మా ఆపరేటర్ తీసింది. అది పైన పెద్దక్షరాల్లో పెట్టాడు.

ప్రూఫ్ చూసుకుని అక్క పర్సు తీసింది. తీసి ఆగింది.

"రాసింది ఆ మిషనే గద తమ్మీ. రాసిన పైసలు తగ్గియ్యి."

మా ఆపరేటర్ బిల్లు బుక్కు ఆమె వైపు తిప్పాడు. డిజైన్, కాగితం, ప్రింటింగ్. రాతకు లైనే లేదు.

"తగ్గియ్యనీకి ఏడుందక్కా?"

అక్క ఆ మూడు లైన్లూ రెండుసార్లు చదివింది.

"అయితే ఫోన్ నంబరు జర పెద్దగెయ్యి."