అరవై అడుగుల తీగ

చట్టం ఒప్పుకుంది. కరెంటు పంచే డిస్కం ఒప్పుకుంది. ఎలక్ట్రిక్ కారు అమ్మిన కంపెనీ చార్జర్‌ను అట్టపెట్టెలో పెట్టి ఇంటికి పంపింది. ఇక ఒప్పుకోవలసింది మీటర్ బోర్డుకీ పార్కింగ్‌కీ మధ్యనున్న 60 అడుగుల గోడ ఒక్కటే. ఆ గోడ అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదు; ఎవరిదీ కాదు కాబట్టి దాని మీద అందరికీ అభిప్రాయాలున్నాయి. హైదరాబాద్‌లో కాస్త పాతబడ్డ ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగినా ఇదే వరస. నా వాదన ఒక్కటే. ఇంటి దగ్గర కారు చార్జర్ పెట్టుకోవడం కరెంటు పని కాదు, తీగకు దారి అడుక్కునే పని. మీటింగులో వినపడే లోడు, మంటలు, రూల్సు అన్నీ చాలావరకు ఆ గోడ తరఫున మనుషులు చేసే వకాల్తా. మనుషులకీ కార్లకీ దేవుడికీ కొలిచి చోటు పెట్టిన మన కట్టడాలు తీగకు మాత్రం జానెడు పెట్టలేదు.

రూల్సు సంగతే ముందు చూద్దాం. ఇళ్ళ దగ్గర ప్రైవేటుగా చార్జింగ్ చేసుకోవడానికి అనుమతి ఉందని కేంద్ర విద్యుత్ శాఖ 2018 డిసెంబరు మార్గదర్శకాల్లోనే చెప్పింది. 2019 ఫిబ్రవరిలో నమూనా భవన నిబంధనలను సవరించి, పార్కింగ్ సామర్థ్యంలో 20 శాతానికి చార్జింగ్ ఏర్పాటు ఉండాలన్నారు. 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించి, కారు కోసం విడిగా కనెక్షన్ తీసుకోవచ్చన్నారు. మహానగరాల్లో కొత్త కనెక్షన్‌కు గడువు ఏడు రోజుల నుంచి మూడు రోజులకు దించారు. డిస్కంకు మూడు రోజుల గడువు పెట్టిన కేంద్రం, అసోసియేషన్ సెక్రటరీకి గడువు పెట్టడం మరిచిపోయింది. ఆయన ‘జనరల్ బాడీలో పెడదాం’ అంటారు. జనరల్ బాడీ ఏడాదికోసారి. వచ్చే నలుగురిలో ఇద్దరు నీళ్ళ ట్యాంకర్ గురించి, ఒకరు పైఫ్లాటు కుక్క గురించి మాట్లాడతారు. నాలుగో మనిషి ప్రెసిడెంటు.

‘బిల్డింగ్ లోడు తట్టుకోదు’ అన్నది మొదటి అభ్యంతరం. లెక్క వేద్దాం. కారుతో వచ్చే మామూలు 16 ఆంపియర్ల చార్జర్ 3.3 కిలోవాట్లు లాగుతుంది. అంటే టన్నున్నర ఏసీలు రెండు. ఫ్లాటు ఫ్లాటుకీ రెండేసి ఏసీలు బిగించినప్పుడు ఏ జనరల్ బాడీ కూర్చుంది? నలభై ఫ్లాట్లవాళ్ళు ఉదయం ఆరున్నరకు ఒక్కసారిగా 2 కిలోవాట్ల గీజర్లు వేస్తే అది 80 కిలోవాట్లు. దాని మీద ఇంతవరకు ఎవరూ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టలేదు. ఊళ్ళో రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారుకు సుమారు ఆరు యూనిట్లు చాలు. అర్ధరాత్రి తరవాత రెండు గంటలు కనెక్ట్ చేస్తే సరి. అప్పటికి టీవీలు, లిఫ్టు, ఇస్త్రీపెట్టె అన్నీ పడుకుని ఉంటాయి.

లోడు మాట ఎత్తేవాళ్ళు అసలు అడగాల్సిన ప్రశ్న అడగరు. అది ఎర్తింగ్. గొయ్యి తవ్వి ఉప్పు, బొగ్గు వేసి కట్టిన ఎర్త్ పిట్‌లో బిల్డర్ వెళ్ళిపోయాక ఎవరూ చెంబెడు నీళ్ళు పోసి ఉండరు. ఏళ్ళ తరబడి గీజరూ మోటారూ దాన్ని ప్రశ్నించకుండా నెట్టుకొచ్చాయి. చార్జర్ అలా కాదు. ఎర్త్ సరిగా లేకపోతే ఎర్ర లైటు వేసి పని చేయనని కూర్చుంటుంది. మొత్తం బిల్డింగ్‌లో నిజం చెప్పే సభ్యుడు అదొక్కటే. అప్పుడు వచ్చే ఎలక్ట్రీషియన్ న్యూట్రల్ తెచ్చి ఎర్త్‌కు కలిపేసి ‘లైటు పచ్చగా వచ్చింది సార్’ అంటాడు. ఇంతకన్నా ప్రమాదకరమైన రిపేరు లేదు. సిక్స్ స్క్వేర్ ఎంఎం రాగి తీగ, విడిగా ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ, కొత్త ఎర్త్ పిట్ అని పట్టుబట్టే అసోసియేషన్ దొరికితే దానికి దండం పెడతాను. దొరికేది గోడకు రంగు పాడవుతుందనే అసోసియేషనే.

లోడు అభ్యంతరంలో నిజం బొత్తిగా లేదని అనను. ఒక కారుకు తట్టుకునే 160 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, మే నెలలో రాత్రి తొమ్మిదింటికి ఏసీలన్నీ నడుస్తుండగా ఇరవై కార్లు 7.4 కిలోవాట్ల చార్జర్లతో ఒక్కసారి మొదలుపెడితే చేతులెత్తేస్తుంది. దానికీ మందుంది. చార్జర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని వంతులవారీగా కరెంటు పంచుకుంటాయి. మాట్లాడుకోవాలంటే మామూలుగా ఇంటర్నెట్ కావాలి. సెల్లార్‌లో ఫోన్ సిగ్నలే ఉండదు. కాబట్టి పై అంతస్తులో ఉన్న రౌటర్‌ను కిందికి వినపడేట్టు జరపాలి. కరెంటు తీగతో మొదలైన కథలోకి రెండో తీగ ఇలా దిగుతుంది.

ఈ రౌటర్‌కు ఇంట్లో చోటు నిర్ణయించింది ఎవరు? ఇంటివాళ్ళు కాదు. ఆర్కిటెక్టు కాదు. ఈశాన్యం, ఆగ్నేయం చూసి పొయ్యినీ పూజగదినీ మంచం తలవైపునూ కుదిర్చిన వాస్తు పండితుడు కూడా దీని జోలికి పోలేదు. నిర్ణయించింది ఫైబర్ కుర్రాడి చేతిలో మిగిలిన తీగ పొడవు. టెర్రస్ మీంచి సన్‌షేడ్ మీదికి వదిలాడు, కిటికీ ఫ్రేముకు కన్నం వేశాడు, లోపలికి లాగాడు. తీగ ఎక్కడ అయిపోతే అక్కడే ప్రతిష్ఠ. అందుకే మన ఇళ్ళలో రౌటర్లు ఫ్రిజ్ నెత్తిన ఉంటాయి, ఇనుప బీరువా వెనక ఉంటాయి, షోకేసులో కొండపల్లి బొమ్మల నడుమ ఉంటాయి, ఫిష్ ట్యాంకు పక్కన ఉంటాయి. లోహమూ నీళ్ళూ వైఫైకి పడవు కాబట్టి మొదటి మంచి సిగ్నల్ చేపలకు, రెండోది బీరువాలో పట్టుచీరలకు. మిగిలింది మనుషులకు. హాల్లో ఒక మూల నిలబడి, కుడిచెయ్యి కాస్త ఎత్తితే ఆఫీసు మీటింగు వినిపిస్తుంది. ఆ మూల ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. వచ్చిన చుట్టాలకు బాత్రూమ్ తరవాత చూపించేది అదే.

‘మరి జరపొచ్చుగా?’ అంటారు. కరెంటు తీగైతే ముక్క అతికి టేపు చుట్టేవాళ్ళం. ఫైబర్‌లో ఉన్నది గాజు. మరీ మడిస్తే వెలుతురు పక్కకు కారిపోతుంది, పెట్టెలో ఎర్ర లైటు వెలుగుతుంది. హాలు నుంచి గుమ్మం దాకా 20 అడుగులు జరపాలన్నా జాయింట్ కొట్టే మిషన్‌తో మనిషి రావాలి. ‘షిఫ్టింగ్’ అని విడిగా చార్జీ. మనిషికన్నా ముందు ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అన్న మెసేజ్ వస్తుంది. తీరా జరిపాక తేలేది, వైఫై నాలుగు స్లాబులు దాటి సెల్లార్‌కు చేరదని. ఐదు గిగాహెర్ట్జ్ ఒక్క గోడకే నీరసపడుతుంది. ఇనుప చువ్వలు పోసిన కాంక్రీటు ముందు 2.4 కూడా ఓ అంతస్తు దిగి ఆగిపోతుంది. ఇంతా చేస్తే చాలా బిల్డింగుల్లో ఫైబర్ పంచే డబ్బా సెల్లార్ గోడకే ఉంటుంది. కారు పక్కనుంచే ఇంటర్నెట్ పైకి వెళుతోంది. దాన్ని పైదాకా పోనిచ్చి, అక్కణ్ణుంచి కారు దగ్గరికి గాల్లో దించాలని చూస్తున్నాం. అసోసియేషన్ పేరిట సెల్లార్‌లోనే ఒక కనెక్షన్ తీసుకుంటే సరిపోయేది. కానీ ‘నాకు కారే లేదు, నేనెందుకు కట్టాలి?’ అని ఒకరంటారు. న్యాయమైన ప్రశ్నే. కార్లున్నవాళ్ళే కట్టనివ్వండి, విడి మీటరు ఉన్నది అందుకే. గోడ మాత్రం ఇవ్వండి.

మంటల భయాన్ని నేను ఎగతాళి చేయను. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో స్కూటర్ బ్యాటరీని పడకగదిలో చార్జింగ్‌కు పెడితే తెల్లవారేలోగా పేలి ఇంటాయన చనిపోయాడు. ఆ సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం నుంచి మంట పైనున్న లాడ్జికి ఎగబాకి ఎనిమిది మందిని తీసుకుంది. ఆ ఏడాదే బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కఠినం చేశారు. ఇవి విన్నవాళ్ళు భయపడకపోతేనే వింత. అయితే కింద ప్లగ్గు పెట్టుకోనివ్వకపోతే బ్యాటరీ ఎక్కడికి వెళుతుంది? మూడో అంతస్తు పడకగదిలోకి. కారుకైతే బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు దిగుతుంది. మనం వద్దన్నంత మాత్రాన తీగ ఆగదు, దొంగదారి చూసుకుంటుంది. వీధిలో స్తంభాల మీద ఉట్టిలా వేలాడే కేబుళ్ళు ఎవరి అనుమతి తీసుకున్నాయి? 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. ఆ తరవాత స్తంభాల మీది కేబుళ్ళను డిస్కం సిబ్బంది తెగ్గొట్టడం మొదలుపెడితే, ఊళ్ళో రేగిన పెద్ద గోల నెట్ పోయిందని. చనిపోయినవాళ్ళ గురించి అంత గోల వినపడలేదు. ఆ గోల చేసినవాళ్ళం మనమే, ఇంకెవరో కాదు.

‘అద్దెకున్నవాడికి ఇదంతా ఎందుకు, రేపు ఖాళీ చేస్తాడుగా’ అన్నది చివరి అభ్యంతరం. చేస్తాడు. పైపు, తీగ, ఎర్త్ పిట్ ఇక్కడే ఉంటాయి, తరవాత వచ్చేవాడికి పనికొస్తాయి. కాకపోతే ఫ్లాటు ఓనరు డాలస్‌లో ఉంటాడు. అక్కడ తన గరాజ్‌లో చార్జర్ పెట్టించుకున్న ఆయనే, ఇక్కడి పార్కింగ్‌లో మేకు కొట్టాలన్నా తను ఇండియా వచ్చేదాకా ఆగమంటాడు. ఈ గొడవంతా పాత బిల్డింగుల్లోనే, కొత్తవి చార్జింగ్‌కు సిద్ధంగా ఉన్నాయని బ్రోచర్లు చెబుతున్నాయి. మంచిదే. సేల్స్ ఆఫీసుకు వెళ్ళినప్పుడు అడిగి చూడండి: పార్కింగ్ దాకా వేసిన తీగ ఎన్ని స్క్వేర్ ఎంఎం, ఏ ప్యానెల్ నుంచి వస్తుంది, శాంక్షన్ అయిన లోడులో కార్ల వాటా ఎన్ని కిలోవాట్లు, మూడో బేస్‌మెంట్‌లో ఫైబర్ ఎక్కడుంది? నాలుగో ప్రశ్న పూర్తయ్యేలోపే కాఫీ వస్తుంది, ఆ తరవాత క్లబ్ హౌస్ చూపించడానికి తీసుకెళతారు.