డిస్క్ పోతే డబ్బా పారేయాలట!

మన ఊళ్లలో కంప్యూటర్‌కు వయసు లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. పనిచేస్తున్నన్నాళ్లు దానికి వయసే ఉండదు. హార్డ్ డిస్క్ పోయిన మరునిమిషం నుంచి అది ముసలిది. ఆటోలో వేసుకుని షాపుకు మోసుకెళ్లిన సీపీయూ మూత విప్పకుండానే, ముందున్న స్టిక్కర్ చూసి కౌంటర్‌లో కుర్రాడు తీర్పు చెప్పేస్తాడు: "థర్డ్ జనరేషన్ సార్. దీని మీద రూపాయి పెట్టినా వేస్టే. కొత్త సిస్టమ్ తీసుకోండి." ట్యూబు పంక్చరైతే సైకిల్‌ని తూకానికి వేసెయ్యమన్నట్టుంది గదా బాబూ అని అడిగామా, పెద్దాయనకు టెక్నాలజీ తెలియదు పాపం అన్నట్టు ఓ చూపు చూస్తాడు.

తెలియదు, సరే. తెలుసుకుందాం. ఆ డబ్బాలో కదిలే భాగాలెన్ని? ఫ్యాన్లు, ఎప్పుడు తెరిచామో గుర్తులేని డీవీడీ డ్రైవు, హార్డ్ డిస్క్. అంతే. ప్రాసెసర్ కదలదు, ర్యామ్ కదలదు. హార్డ్ డిస్క్‌లోని పళ్లాలు మాత్రం నిమిషానికి 7,200 చుట్లు, అంటే సెకనుకు 120 చుట్లు తిరుగుతాయి. వాటి మీద నానోమీటర్లలో కొలవాల్సినంత ఎత్తున హెడ్ తేలుతూ ఉంటుంది. 1956లో ఐబీఎం వాళ్లు రెండడుగుల పళ్లాలు యాభై పేర్చి, 50 లక్షల అక్షరాలు పట్టే రామాక్ యంత్రం చేశారు. అప్పటినుంచీ సూత్రం అదే: పళ్లెం తిరగాలి, హెడ్ వెతకాలి. కరెంటు కోతల మధ్య, యూపీఎస్ బ్యాటరీ చచ్చి మూలపడ్డాక కూడా, మన డిస్క్ ఏళ్ల తరబడి తిరిగి తిరిగి ఒకనాడు ఆగిపోయింది. ఆగింది అదొక్కటే. శిక్ష మాత్రం ఉన్నచోట ఉండి తన పని తాను చేసుకుంటున్న ప్రాసెసర్‌కి.

"ముందు నుంచీ స్లోనే కదా సార్!" ఇది రెండో అభియోగం. స్లోనే, కాదనం. ఎందుకు స్లో? ఒకచోట వరసగా ఉన్న పెద్ద ఫైలును చదవమంటే హార్డ్ డిస్క్ బాగానే చదువుతుంది. ఇక్కడో ముక్క, అక్కడో ముక్క తెమ్మంటే మాత్రం సెకనుకు వంద, మహా అయితే రెండొందల ముక్కలు తెస్తుంది. విండోస్ లేచేటప్పుడు కావాల్సినవి సరిగ్గా అలాంటి చిన్న చిన్న ముక్కలే, వేలకు వేలు. దాని స్థానంలో బిగించే, కదిలే భాగాల్లేని మామూలు ఎస్ఎస్‌డీ వాటిని సెకనుకు పదివేలకు పైగా అందిస్తుంది. అంటే ఇన్నేళ్లూ మనం స్విచ్ వేసి, స్నానం చేసి, కాఫీ తాగి వచ్చేదాకా ప్రాసెసర్ చేసిన పని, డిస్క్ కోసం ఎదురుచూడటం. దోషి ఆ డిస్కే. అది పోయి మహోపకారం చేస్తే, ఆ నేరం బతికున్నవాడి మీద రాస్తున్నారు.

ఇక్కడ కాస్త చదువుకున్న మెకానిక్ రంగంలోకి దిగుతాడు. "మీది హెచ్61 బోర్డు సార్, సాటా 6 జీబీ లేదు, 3 జీబీయే. ఎస్ఎస్‌డీ వేసినా సగం స్పీడే." మాట నిజమే. ఒకప్పుడు మన దగ్గర తెగ అమ్ముడైన హెచ్61 చిప్‌సెట్‌లో ఉన్నవి డిస్క్ తగిలించే 3 గిగాబిట్ల సాటా పోర్టులే. అంటే సెకనుకు గరిష్ఠంగా 300 మెగాబైట్లు. పోయిన డిస్క్ ఎంత ఇచ్చేదో కూడా చెప్పవయ్యా అంటే మాట మార్చేస్తాడు. మంచి రోజుల్లో అది ఇచ్చింది వందో, నూటయాభయ్యో. పైగా పోర్టు ఏదైనా, మనకు కావలసిన ఆ చిన్న ముక్కల పనికి పెద్దగా అడ్డురాదు. సగం స్పీడు అన్న ఆ సగమే పాతదానికి రెండింతలు.

సగం స్పీడు మంత్రం పారకపోతే భయం మంత్రం. "ఎస్ఎస్‌డీని నమ్మలేం సార్, రాసీ రాసీ అరిగిపోద్ది." శాంసంగ్ 870 ఈవో 500 జీబీ డ్రైవుకు కంపెనీ ఇచ్చే హామీ ఐదేళ్లు, లేదా 300 టెరాబైట్ల రాత, ఏది ముందైతే అది. రోజుకు 20 జీబీ చొప్పున రాసినా ఆ రాత పూర్తవడానికి 41 ఏళ్లు పడుతుంది. పెళ్లిపత్రికలు టైపు చేసుకునేవాడూ, పిల్లల ఫీజులు కట్టుకునేవాడూ రోజుకు 20 జీబీ ఏం రాస్తారో ఆ దేవుడికే తెలియాలి. ఇంతకీ ఎస్ఎస్‌డీని నమ్మొద్దన్న ఆ నోటితోనే అంటగట్టబోయే కొత్త సిస్టమ్‌లో ఏముందట? ఎస్ఎస్‌డీ!

ధర మాటా అంతే. ఏఐ డేటా సెంటర్లు మెమొరీ చిప్పుల మీద పడ్డాక ఎస్ఎస్‌డీలు, ర్యామ్‌లు ప్రియమయ్యాయి. "ఇప్పుడు అప్‌గ్రేడ్ దండగ సార్, రేట్లు మండుతున్నాయి" అంటారు. కొత్త డబ్బాలో వేసేవీ ఆ చిప్పులేనని, వాటి బిల్లు కూడా మనదేనని ఎవరూ చెప్పరు.

వీళ్ల అమ్ములపొదిలో గట్టి బాణం ఒకటే ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ఉండాలి. బ్యాంకు పనులు చేసుకునే మనిషికి ఇది పట్టించుకోవాల్సిన సంగతే. అయితే ఆ గీత గీసింది మైక్రోసాఫ్ట్, చచ్చిన డిస్క్ కాదు. లినక్స్ మింట్ లాంటిది వేసుకుంటే అదే డబ్బా బ్రౌజింగుకు, ఉత్తరాలకు, పిల్లల చదువుకు సుఖంగా సరిపోతుంది. ఉచితం కూడా. బహుశా అందుకే షాపులో దాని ఊసు వినపడదు. ఉబ్బిన కెపాసిటర్ల బోర్డుకూ, వెడల్పాటి ఐడీఈ కేబుల్ కాలం నాటి సిస్టమ్‌కూ ఖర్చు పెట్టమని నేనూ అనను. వాటిని సాగనంపండి.

కానీ డీటీపీ సెంటర్ నడిపేవారితో ఈ "కొత్తది కొనేయండి" కబుర్లు చెప్పి చూడండి. ఆయన ప్రపంచం పేజ్‌మేకర్ 7.0, అను ఫాంట్లు. అడోబి 7.0 దగ్గరే పేజ్‌మేకర్‌ను ఆపేసింది. అను ఫాంట్లలో కొట్టిన ఫైలు యూనికోడ్ కాదు గనక, ఫాంట్ లేనిచోట తెరిస్తే శుభలేఖ కాస్తా ఇంగ్లిషు అక్షరాల గందరగోళం అవుతుంది. పాత ప్రింటరూ, దాని డ్రైవరూ, వేల కార్డుల డిజైన్లూ అన్నీ ఆ సిస్టమ్‌తో అల్లుకుపోయి ఉంటాయి. డిస్క్ ఇంకా చదవగలిగే స్థితిలో ఉండగా దాన్ని యథాతథంగా ఎస్ఎస్‌డీకి క్లోన్ చేస్తే, మర్నాడు పొద్దున ఆయన సీట్లో కూర్చుని ఆపిన చోటినుంచే కొట్టుకుంటాడు. కొత్త సిస్టమ్ కొనిపిస్తే మాఘమాసం ముహూర్తాలన్నీ డ్రైవర్ల వెతుకులాటకే సరి.

ఇంకో విడ్డూరం చూడండి. బతికున్న డబ్బాకు దినం పెట్టే ఈ పెద్దమనుషులే నిజంగా పోయిన డిస్క్‌కు మాత్రం ప్రాణం పోస్తామంటారు. ఒకరు ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టమంటారు, పచ్చిబఠానీల పక్కన. బయటికి తీయగానే లోపల తేమ చేరి, మిగిలిన ఆశ కూడా కరిగిపోతుందన్న చింత లేదు. ఒకరు అరచేత్తో రెండు దెబ్బలు వేస్తారు. అందరికంటే ప్రమాదకరమైనవాడు "ఫార్మాట్ కొడితే సెట్టయిపోద్ది" అనేవాడు. టక్ టక్‌మంటున్న డిస్క్‌కు చెక్‌డిస్క్ మీద చెక్‌డిస్క్ నడిపి, ఊపిరున్న కాసేపూ దాన్ని పరుగెత్తించి చంపుతాడు. చేయాల్సింది ఒకటే: పవర్ తీసేయడం. పిల్లల చిన్నప్పటి ఫొటోలు అందులో తప్ప ఇంకెక్కడా లేకపోతే, డేటా రికవరీ తెలిసినవాడికి అప్పగించడం. అవి మరోచోట కూడా ఉండి ఉంటే ఈ బాధే లేదు. ఎస్ఎస్‌డీ వేశాక కూడా ఈ సంగతి మరిచిపోకూడదు, ఎందుకంటే అది పోయేటప్పుడు టక్ టక్ కూడా అనదు.

ఇన్ని చెప్పినా కొత్తదే కొంటానంటే మీ ఇష్టం, మీ డబ్బు. ఎక్స్‌ఛేంజి పేరిట ఐదువందలో వెయ్యో ఇచ్చి పాత సీపీయూ ఉంచుకుంటామంటారు, ఇవ్వండి. కానీ ఇచ్చేముందు దగ్గరుండి మూత విప్పించి, ఆ పోయిన హార్డ్ డిస్క్ ఊడదీయించుకుని ఇంటికి తెచ్చుకోండి. మీకు చదవడానికి రాకపోయినా, చదవగలిగినవాడికి అందులో మీ ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్లు అన్నీ ఉన్నాయి.